ఆడవేషగాడి బట్టతల

1944లో నేను బెజవాడ గవర్నర్‌పేటలో ప్రాక్టీసు చేస్తుండేవాణ్ణి. ఎల్.ఎం.పి. వైద్యం చదువు పూర్తిచేసి బోర్డు కట్టుకుని కొద్ది ఏళ్ళే అయింది. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, క్వినైన్ దొరకదు, పంచదార కార్డు మీద ఇచ్చేవారు. నా దగ్గరికి వచ్చేవన్నీ మలేరియాలు, టైఫాయిడ్లు, గజ్జి, తేలుకాట్లు. బట్టతలకి మందిమ్మని పొరపాటున ఎవరైనా వచ్చినా, ముందు నా తల చూసి, తర్వాత ఏ తలనొప్పో ఉందని చెప్పి వెళ్ళిపోయేవారు. ముప్ఫై రెండేళ్ళకే నా నెత్తి మీద ఈగ వాలినా జారిపోయేలా ఉండేది మరి.

అలాంటి నా దగ్గరికి ఒక వేసవి పొద్దున ఒకాయన భార్యతో వచ్చాడు. అంత ఎండలోనూ తలకి కండువా బిగించి చుట్టుకున్నాడు. పేరు వేణుగోపాలం, వయసు ఇరవై ఏడు. ఊరు కూచిపూడి దగ్గర పల్లె. భార్య పేరు కామేశ్వరి. ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోమని, తను లోపలికి వచ్చి తలగుడ్డ విప్పాడు. నేను కుర్చీలో వెనక్కి జరిగాను. నడుం దాటిన జడ! మా ఆవిడకి కూడా అంత జడ లేదు.

"మేళంలో ఆడవేషం కడతానండి. నాయిక వేషం నాదే" అన్నాడు.

ఈ కాలం పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజుల్లో ఆ మేళాల్లో ఆడవాళ్ళు ఆడేవారు కాదు. రాణి అయినా, చెలికత్తె అయినా మగవాళ్ళే. అందుకోసం చిన్నప్పటినించీ జుట్టు పెంచుకునేవారు. నాయిక రంగం మీదికి రావడానికి ముందు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. తెర వెనకనించి నాయిక తన జడ తీసి తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. 'నన్ను విద్యలో ఓడించగలవాడెవడైనా ఉంటే వచ్చి ఈ జడ కత్తిరించండి' అని దాని అర్థం. వేణుగోపాలం జడ వేస్తే పామర్రు నించి దివిసీమ దాకా ఎవడూ లేచేవాడు కాదట. ఈ మాట అతను డంబంగా చెప్పలేదు, ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు.

తల వంచమని చూశాను. వెనక అంత జడ ఉందా, ముందు కణతల దగ్గర రెండు వైపులా జుట్టు లోపలికి పోయింది. నడినెత్తిన మాడు కనిపిస్తోంది. అక్కడి వెంట్రుకలు పసిపిల్లల నూగులా సన్నబడ్డాయి. మా వైద్యంలో దీన్ని హెరిడిటరీ బాల్డ్‌నెస్ అంటారు, అంటే వంశంలో దిగివచ్చే బట్టతల. టైఫాయిడ్ తర్వాత ఊడిన జుట్టు మళ్ళీ వస్తుంది. పేనుకొరుకుడైతే గుండ్రంగా బిళ్ళల్లా ఊడి, చాలామందికి మళ్ళీ మొలుస్తుంది. ఇది అలా కాదు. వెంట్రుక మొలిచే కుదురుని ఫాలికిల్ అంటాం. వంశంలో ఈ గుణం ఉన్న మగవాడికి వయసు రాగానే ఆ కుదుళ్ళు ఒక్కొక్కటీ కుంచించుకుపోతాయి. మొలిచిన ప్రతిసారీ వెంట్రుక ఇంకాస్త బలహీనంగా వస్తుంది, ఆఖరికి రావడం మానేస్తుంది.

"మీ నాన్నగారికి?" అని అడిగాను.

"బట్టతలేనండి."

"మీ అమ్మగారి నాన్నగారికి?"

"ఆయనకీ అంతే. మా అన్నయ్యకి పాతికేళ్ళకే మొదలైంది. అందుకే వాడు మృదంగంలోకి వెళ్ళిపోయాడు."

తండ్రి వైపే వస్తుందని జనం అనుకుంటారు గానీ, తల్లి వైపునించీ దిగుతుంది. ఇతనికి రెండు వైపులనించీ వచ్చి పడింది.

ఏమేం వాడావని అడిగితే ఏకరువు పెట్టాడు. గుంటగలగరాకు నూనె, మందార ఆకు పసరు, మెంతులు, ఉల్లిపాయ రసం, ఎవరో సాధువు ఇచ్చిన భస్మం. నాకు నవ్వొచ్చింది. "ఉల్లిపాయలు పకోడీల్లో వేయించుకుంటే బాగుండేది గదయ్యా" అన్నాను. అతను నవ్వలేదు. ఉన్నమాట చెప్పేశాను. దీన్ని రాకుండా ఆపే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు, ఉంటే నేను ఇలా ఉండేవాణ్ణా? అతను చెయ్యగలిగింది ఒక్కటే. జడకి నాగరం, జడబిళ్ళలు, కుప్పెలు, ఆ నగల బరువంతా కట్టి గంటల తరబడి గెంతితే కుదుళ్ళు లాగేసుకుని ఇంకా త్వరగా ఊడుతుంది. బరువు తగ్గించమన్నాను. లేకపోతే సవరం కట్టుకోమన్నాను.

"సవరం కుదరదండి. పెద్దాయన ఒప్పుకోరు" అన్నాడు. పెద్దాయన అంటే మేళం నడిపే గురువుగారు. ఊళ్ళో అందరూ భాగవతులు గారనే పిలుస్తారు. తెర మీద వేసే జడ సొంత జడే అయ్యుండాలనీ, పరాయి జుట్టుతో సవాలు విసిరితే విద్యకి అవమానమనీ ఆయన పట్టు. వచ్చే ఏడు నాయిక వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పేశారట.

"ఇస్తే ఇచ్చారు. మగవేషాలు కట్టుకో. ప్రాణం పోయే జబ్బేం కాదుగా ఇది!"

అతను నా మొహంలోకి చూశాడు. "మీకేమండీ డాక్టరు గారూ! నాడి పట్టుకునే చెయ్యి ఉంటే చాలు. నాకు ఏడో ఏటనించీ నేర్పిందంతా ఆ ఒక్క వేషమే. అది పోతే నేనెవర్నండీ?"

నేనేదో చెప్పబోయేలోపల గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కమాట చెప్పండి. కొజ్జావాళ్ళలో బట్టతల ఉన్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేను ఊరూరా తిరిగేవాణ్ణి. ఒక్కణ్ణి కూడా చూడలేదు."

నేను ఆశ్చర్యపోయాను. వంశంలో గుణం ఒక్కటే చాలదు, మగ హార్మోను కూడా ఉంటేనే బట్టతల వస్తుందనీ, చిన్నతనంలోనే వృషణాలు పోయినవాళ్ళకి రాదనీ వైద్య పత్రికల్లో అప్పుడప్పుడే రాస్తున్నారు. అది నేను చదివి ఎన్నాళ్ళో కాలేదు. ఇతను మేళంతో తిరుగుతూ కనిపెట్టేశాడు!

"నిజమే" అన్నాను.

"అయితే నాకు అది తీసేయండి."

నాకు సరిగా వినిపించలేదేమో అనుకున్నాను. "ఏవిటీ?"

"ఆపరేషన్ చెయ్యండి డాక్టరు గారూ. ఎవరికీ చెప్పను. మీ పేరు రానివ్వను."

ఎదురుగా కూర్చున్నవాడు పిచ్చివాడు కాడు. శుభ్రంగా ఉన్నాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు, పన్ను పీకమని అడిగినట్టు అడుగుతున్నాడు. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా ఉన్న మర్యాద కాస్తా ఎగిరిపోయింది.

"నీకు బుద్ధుందా? బయట పెళ్ళాన్ని కూర్చోబెట్టి అడిగే మాటేనా ఇది? ఈ వయసులో చేస్తే ఉన్న జుట్టు ఆగుతుందేమో గానీ పోయింది మాత్రం తిరిగి రాదు. ఒంట్లో సత్తువ పోతుంది, పిల్లలు పుట్టరు. లే ఇక్కణ్ణించి!"

"ఉన్నది ఆగుతుందంటారా?" అన్నాడు. నేను చెప్పినదాంట్లో అతనికి ఆ ఒక్కటే వినపడింది.

నా గదికి తలుపు లేదు, గుడ్డ తెర ఉండేది. బయటికి వచ్చేసరికి కామేశ్వరి లేచి నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఆవిడకి అన్నీ వినపడ్డాయని మొహమే చెబుతోంది. "కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అన్నాను. ఆవిడ తలూపి అతని వెనకే వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఒక ముసలాయన వగరుస్తూ వచ్చి నా బల్ల మీద కూలబడ్డారు. భాగవతులు గారు. వేణుగోపాలం ఆ పొద్దున కాళ్ళకి దణ్ణం పెట్టి, 'నా జుట్టుకి ఇంక భయం లేదు, వేషం నాకే ఉంచండి' అన్నాడట. గుచ్చి గుచ్చి అడిగితే నా దగ్గరికి వచ్చిన దగ్గర్నించీ అసలు సంగతంతా చెప్పాడట. పామర్రు సంతలో కోడెలకి విత్తులు కొట్టే వీరయ్యతో మాట్లాడుకున్నాడట. రేపే సంత.

మన డెల్టాలో దున్నడానికి ఎద్దు కావాలంటే కోడెకి విత్తులు కొట్టిస్తారు. వృషణాలని రెండు కర్రల మధ్య నొక్కి నలగ్గొట్టడమే, మత్తు లేదు, మందు లేదు. కోడె ఎలాగో తట్టుకుంటుంది. మనిషి అయితే ఆ నొప్పికే ప్రాణం పోవచ్చు, పోకపోతే చీము పట్టి పోవచ్చు.

"వాడి పెళ్ళానికి తెలుసా?" అన్నాను.

"చెప్పే వచ్చాను నాయనా. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు, కదలకుండా కూర్చుంది. నాకు భయమేసింది."

మర్నాడు మొదటి బస్సుకి ఇద్దరం బయల్దేరాం. పెట్రోలు కరువు వల్ల అప్పుడన్నీ బొగ్గు బస్సులు. వెనక బిగించిన పొయ్యిలో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. బందరు రోడ్డు మీద మా బస్సు నడిచినదానికంటే ఆగింది ఎక్కువ. ఆగినప్పుడల్లా క్లీనరు దిగి పొయ్యికి గాలి తిప్పుతుంటే, నేను వాణ్ణీ బస్సునీ యుద్ధాన్నీ కలిపి తిట్టాను. భాగవతులు గారు కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ "నా మాటేగా ఇంతదాకా తెచ్చింది" అని గొణుక్కుంటూనే ఉన్నారు.

పామర్రులో దిగి, బురదలో పడుతూ లేస్తూ పశువుల సంతకి పరుగెత్తాం. సంత చివర పాక. కాళ్ళు కట్టి పడేసిన కోడె ఒకటి అరుస్తోంది. వీరయ్య దాని మీదికి వంగి ఉన్నాడు. అవతల గడ్డి మోపు మీద వేణుగోపాలం కూర్చుని ఉన్నాడు. తలంటి పోసుకుని, తడి జుట్టు వీపంతా ఆరబోసుకుని, నుదుట విభూది పెట్టుకుని, తన వంతు కోసం చూస్తున్నాడు.

"ఒరేయ్ వీరయ్యా! మనిషికి చేస్తానని ఒప్పుకున్నావా నువ్వు?" అని అరిచాను.

వీరయ్య బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. "నాదేం లేదు బాబూ. బెజవాడ డాక్టరు గారే చేయించుకోమన్నారని ఈ అయ్యగారే సెప్పారు. డాక్టరు బాబు సెప్పాక మనం కాదంటామా? కోడెకైనా మనిసికైనా అదే నరం గదండీ."

ఆ డాక్టరు నేనే! నా పేరు చెప్పి, నా మాటగా, ఈ పాకలో తన చావుకి తనే ముహూర్తం పెట్టుకున్నాడు. వేణుగోపాలాన్ని రెక్క పట్టుకుని లేవదీశాను. పోలీసులకి పట్టిస్తానన్నాను. వీరయ్య కర్రలు పారేసి, కోడెనలాగే వదిలేసి పాక దాటిపోయాడు.

వేణుగోపాలం మాత్రం చెక్కు చెదరలేదు. "వీడు కాకపోతే గుడివాడలో ఇంకొకడున్నాడండి. మీరెన్ని సంతలకని కాపలా కాస్తారు?"

భాగవతులు గారు బతిమాలారు. "నాయనా, వేషం నీకే ఉంచుతాను, పద ఇంటికి."

"బట్టతలతోనా? సొంత జడ ఉండాలని మీరేగా నేర్పింది గురువుగారూ! ఇప్పుడు నా మొహం చూసి మారుస్తారా? అలా జాలిపడి ఇచ్చిన వేషం నాకొద్దు."

నా చేతిలో ఉన్న బ్యాగులో అతనికి పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదు.

అంతలో సంత దారిలో ఒంటెద్దు బండి ఆగింది. అందులోంచి ఒకావిడ దిగింది, చెంగు నెత్తిమీదుగా నుదుటిదాకా లాక్కుని, చేతిలో మూటతో. మా వైపు ముత్తయిదువలు నెత్తిన ముసుగు వేసుకోరు. ముసుగు ఉందంటే భర్త పోయి, జుట్టు తీయించుకున్న మనిషి అని అర్థం. భాగవతులు గారు ఎవరో విధవరాలు ఎదురొస్తోందని మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ నేరుగా పాకలోకి వచ్చి, వేణుగోపాలం ఎదురుగా నిలబడి ముసుగు తీసింది.

కామేశ్వరి.

తల మీద జుట్టు లేదు. కత్తెరతో తనే కత్తిరించుకున్నట్టుంది, ఒకచోట పొట్టిగా, ఒకచోట మాడు కనపడేలా, రెండు చోట్ల రక్తపు గీతలు. ఆ తల కింద నుదుట కాసంత కుంకుమ బొట్టు. మెళ్ళో మంగళసూత్రాలు. భర్త బతికుండగా, ఎదురుగా కూర్చుని ఉండగా! భాగవతులు గారు "శివ శివా" అంటూ చెవులు మూసుకున్నారు. పశువులు తోలుకొచ్చిన రైతులు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. ఆపరేషన్లలో, కలరాల్లో నేను చూసినవి చాలా ఉన్నాయి. కానీ అలాంటిది చూసింది మాత్రం ఆ ఒక్కసారే.

వేణుగోపాలం పెద్దగా అరిచాడు. ఏమన్నాడో మాట కూడా కాదు అది.

ఆవిడ గొంతు మాత్రం నిలకడగా ఉంది. "అరవకండి. మీరిక్కడ చేయించుకునే పని అయ్యాక నాకు మొగుడున్నట్టా, లేనట్టా? మీరే చెప్పండి. ఎలాగూ చెయ్యాల్సిందేగా అని ముందే చేసుకొచ్చాను. మంగలిని పిలిస్తే పారిపోయాడు. అందుకని నేనే కోసుకున్నా."

"కామేశ్వరీ..." అని అతను నేల మీద కూలబడ్డాడు.

ఆవిడ మూట విప్పి అతని ఒళ్ళో పెట్టింది. కడిగి, ఆరబెట్టి, పాయలు పాయలుగా దారంతో కట్టిన జుట్టు. "బొట్టు ఇంకా తీయలేదు. అది మీ చేతిలో ఉంది. నేను బొట్టు పెట్టుకుని ఉండాలంటే ఈ జుట్టు తీసుకుని ఇంటికి రండి. వద్దంటే ఆ వీరయ్యని నేనే పిలుచుకొస్తాను."

అతను ఆ జుట్టుని రెండు చేతులతో మొహానికి అదుముకుని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చావుల దగ్గర కూడా వినలేదు. నాకూ కళ్ళు ఆగలేదు, దాచుకోను కూడా లేదు.

కాసేపటికి భాగవతులు గారు చెవుల మీంచి చేతులు తీశారు. గొంతు సవరించుకుని, "పరాయి జుట్టు వద్దన్నాను. పెళ్ళాం జుట్టు పరాయిది కాదు. అర్ధాంగి అని మంత్రాల్లో అనడమేనా? లేవరా, సవరం నేనే అల్లిస్తాను" అన్నారు. ఆ మాట జాలితో అన్నది కాదని వేణుగోపాలానికి తెలిసింది కాబోలు, లేచాడు. నేను ఆవిడ తల మీద గాట్లకి టించర్ రాశాను. చుర్రుమంటుందని చెబితే, "రాయండి, పర్వాలేదు" అంది.

ఆ తర్వాత ఆవిడ పడ్డ పాట్లు తక్కువేం కాదు. ఊళ్ళో పొద్దున్నే ఎదురొస్తే తలుపులు వేసుకునేవారట. పేరంటాలకి పిలవడం మానేశారు. ఆవిడ ముసుగు మాత్రం మళ్ళీ వేసుకోలేదు. జుట్టు భుజాల దాకా పెరిగేవరకూ అలాగే తిరిగింది. ఆ ఏడు ఆటకి నన్ను ప్రత్యేకం పిలిచారు. తెర మీద ఆ జడ పడగానే మగవాళ్ళ వైపు ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళ వైపునించి ఒక ముసలమ్మ లేచి వెళ్ళి, ఒక్కతీ దూరంగా కూర్చున్న కామేశ్వరి పక్కన కూర్చుంది.

ఈ కేసు తర్వాత నేనొకటి మానేశాను. ప్రాణం పోయే జబ్బు కాదుగా అని రోగితో అనడం. అది పోతే నీకు ఇంకేం పోతుందని ముందు అడుగుతాను, మందు సంగతి తర్వాత. ఈ మధ్య రక్తపోటు మందు ఒకటి నెత్తికి రాస్తే కొందరికి జుట్టు మొలుస్తోందని చదివాను. మొలిస్తే సంతోషమే. వంశంలో దిగేదాన్ని పూర్తిగా ఆపే దారి మాత్రం నాకు తెలిసినంతలో ఇప్పటికీ లేదు. అందుకని రేడియోలో, పేపర్లో కనపడ్డ నూనెలన్నీ కొని డబ్బు తగలెయ్యకండి.

చాలా ఏళ్ళకి, నేను ప్రాక్టీసు సగం తగ్గించుకున్నాక, కామేశ్వరి ఒక కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తల నెరిసింది, ముడి మాత్రం ఇంతుంది. వేణుగోపాలం ఇంకా మేళంతో తిరుగుతూనే ఉన్నాడట. కుర్రవాడు వాళ్ళబ్బాయి, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. కణతలు లోపలికి పోయాయి, నడినెత్తి పలచబడింది. తండ్రికి చూసిందే, అచ్చం అక్కడే.

"ఏదైనా మందివ్వండి డాక్టరు గారూ, ఆఫీసులో నవ్వుతున్నారు" అని వాపోయాడు. మామూలుగా చెప్పేవే చెప్పి, బరువు చూసుకోమని బయట మిషను దగ్గరికి పంపాను.

"వాడికి లేనిపోని ఆశ పెట్టకండి" అంది కామేశ్వరి.

"పెట్టనులెండి. పాపం, దిగులు పడుతున్నాడు" అన్నాను.

ఆవిడ గుమ్మం వైపు చూసింది, కొడుకు వినడం లేదని రూఢి చేసుకుంది. అప్పుడు నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

"ఆ రోజు పామర్రులో ఆ పని అయ్యుంటే వాడే ఉండేవాడు కాదుగా. పొద్దున్నే వాడు దువ్వెన చూసుకుని ఏడుస్తుంటే నాకెంత సంతోషంగా ఉంటుందో, మీకు తప్ప ఎవరికి చెప్పుకోనండీ?"